నమూనా ఓడలు కట్టువారి నెయ్యము

నమూనా ఓడ యనగా ఆటబొమ్మ కాదు. ఆటబొమ్మను చూచి ఇది ఓడయని గుర్తించిన చాలును. నమూనా ఓడను చూచినవాడో, అది ఏ యోడయో, ఏ కాలమునాటిదో, దానికి తెరచాప కొయ్యలెన్నియో, ఏ త్రాడు దేనిని లాగుటకై కట్టబడినదో చెప్పగలిగియుండవలెను. పెద్దయోడలోని ప్రతి యవయవమును ఒకే కొలత చొప్పున తగ్గించి చిన్నదానిలో నిలుపుటయే యీ విద్యకు ప్రాణము. దీనిని కూలికిగాక కేవలము ప్రీతిచేతనే, తమ వృత్తిపని ముగిసిన పిమ్మట దీపము ముందు గూర్చుండి చేయువారు ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో అనేకులు గలరు. వారిలో వైద్యులున్నారు, గుమాస్తాలున్నారు, ఉద్యోగము చాలించిన నావికులున్నారు, మావంటి ఉపాధ్యాయులును ఉన్నారు. మన దేశమున 1948 వ సంవత్సరమున నేర్పడిన నేషనల్ క్యాడెట్ కోరుయొక్క నౌకావిభాగములో ఓడల నమూనాలు కట్టుట శిక్షణలో నొక భాగము. అందు పోటీలును జరుగుచుండును.

ఈ వ్యాసమున ఓడ కట్టు విధమును కొంత చెప్పుదుము గాని, మా ముఖ్యోద్దేశము అది కాదు. ఈ పనిలో నున్నవారు ఒకరికొకరు ఎట్లు తోడ్పడుదురో, ఆ తోడ్పాటు లేనిచోట నేమగునో చెప్పదలచితిమి. ఏలయన, ఆరంభింపబడిన నమూనా ఓడలలో చాల భాగము పూర్తిగాక అటకలమీదను, బీరువాల వెనుకను పడియుండును. మా యింటి బీరువా వెనుక నొకటి నాలుగేండ్లు పడియుండెను. దాని కథ ముందు రాగలదు.

మొదట కొలతను గూర్చి తెలిసికొనవలెను. 1805 వ సంవత్సరమున ట్రఫాల్గరు యుద్ధమునందు నెల్సను సేనాని నడపిన విక్టరీ యను ఓడను గూర్చి మీరు చరిత్ర పాఠములో చదివియున్నారు. అది 1765 లో చాథము రేవున నీటికి దింపబడినది. ఇప్పుడు పోర్ట్స్‌మత్ రేవులో నీరులేని గుంటయందు నిలిపియుంచబడినది. దాని ఫిరంగుల తట్టు పొడవు 186 అడుగులు. అడుగునకు పావంగుళము చొప్పున, అనగా 48 వ వంతుగా తగ్గించినచో, ఆ తట్టు 46½ అంగుళములగును. ఆ తట్టుపై నిలుచు ఆరడుగుల నావికుడు అంగుళమున్నర యెత్తుండును. అంగుళము మందముగల మోకు అంగుళములో 48 వ వంతై, లావుపాటి కుట్టుదారమంత యగును. నమూనా కట్టువాని కష్టమంతయు నీ దారములోనే యున్నది. ఏలయన, ఓడ తగ్గినను వాని వ్రేళ్లు తగ్గవు గదా!

ఆఱవ ఫారము బాలురకు మేము ఇచ్చెడి లెక్క యొకటి కలదు. నోవహు ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50 మూరలు, ఎత్తు 30 మూరలు అని ఆదికాండమునందు చదువుచున్నాము. మూర యొకటికి అడుగున్నర చొప్పున లెక్కించి, 96 వ వంతు నమూనా కట్టుటకు ఎంత పొడవుగల బల్ల కావలయును? నాలుగడుగుల ఎనిమిది అంగుళములును, ఇంకొక పావంగుళమును అని చెప్పిన బాలుడు సరిగా లెక్కించినవాడు. ఆ బల్లకు సరిపడు చోటు తన యింటిలో కలదా యని తల్లి నడిగివచ్చిన బాలుడు అంతకంటె తెలివిగలవాడు.

ఇక నిర్మాణము. అడుగున వెన్నుదూలము పరచి, దానిపై వరుసగా ఎముకలు నిలువబెట్టుదురు. ఈ యెముకల అంచులను ఆకురాయితోను గరుకు కాగితముతోను దిద్దుట మొదటి పరీక్ష. పలుచని బద్ద నొకదానిని ఓడ పొడవున ఎముకలమీద ఆనించి చూడవలెను. అది ప్రతి యెముకను తాకుచు, ఎచ్చటను ఎగయక, ఎచ్చటను క్రుంగక సాగవలెను. ఒక యెముక వెండ్రుకవాసి ఎత్తుగ నున్నచో పైన వేయబడు పలక అచ్చట గూనివలె లేచును. తగ్గుగ నున్నచో గుంట పడును. రంగు వేసినను, మెఱుగు పూసినను ఆ గుంట మానదు. మెఱుగు వేసినకొలదియు మఱింత స్పష్టముగా గానవచ్చును.

పిమ్మట పలకలు వేయుట. చూచువారికి ఇది సులభముగా దోచును; చేయువారిలో సగముమంది ఓటమి నొందునది ఇచ్చటనే. ఓడ నడుము లావు, మొన సన్నము. కావున నడుమ వెడల్పుగా నున్న పలక మొనకు పోవుకొలది సన్నగిల్లునట్లు చిత్రిక పట్టవలెను. అట్లు చేయక ఒకే వెడల్పుగల పలకలను వేసికొనుచు పోయినచో, అవి మొన దగ్గఱ ఒకదానినొకటి త్రోసికొని పైకెక్కును. పలకను వేడినీటిలో నానబెట్టి మెల్లగా వంచవలెను, తొందరపడినచో విఱుగును. వీటన్నిటికంటె ముఖ్యమైన నియమమొకటి కలదు. కుడిప్రక్క నొక పలక వేసినవెంటనే ఎడమప్రక్క దానికి జోడు పలక వేయవలెను. ఒక ప్రక్కనే వేసికొనుచు పోరాదు. పలక తడిసి, వంగి, ఆఱునపుడు వెన్నును తనవైపు లాగుకొనును. ఆ లాగుడునకు ఎదురులాగుడు లేనిచో ఓడ వెన్నే వంకరపోవును.

తరువాతి పనులైన పైతట్టు, కొయ్యలు, త్రాళ్లు, తెరచాపలు ఒక్కొక్కటి ఒక్కొక్క విద్య. వానిని ఇచ్చట విస్తరింపము. మొత్తముమీద, సాయంకాలములందు గంట రెండు గంటలు మాత్రమే పనిచేయువానికి ఒక పెద్ద నమూనా పూర్తియగుటకు సంవత్సరములు పట్టును. మొదట నున్న యుత్సాహము మొదటి నెల నుండును. ముగింపు కనబడునపటి యుత్సాహము చివరి నెల వచ్చును. నడుమ నున్న దీర్ఘకాలమంతయు మనుజుడు ఒంటరివాడు.

ఇచ్చట మా తప్పిదమొకటి చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మూడవ ఫారము బాలుడొకడు బూరుగు కొయ్యను తొలిచి, మూడు తెరచాప కొయ్యలుగల యోడను స్వయముగా చేసి తరగతికి తెచ్చెను. వాని తండ్రి చేపలు పట్టువాడు. ఓడ పటమును వాడు మా చరిత్ర పుస్తకములో మాత్రమే చూచియుండెను. మేము దానిని చేతబట్టుకొని, కొలబద్దతో కొలిచి, తరగతి యంతయు వినునట్లు, “తెరచాప కొయ్యలు మూడవ వంతు ఎక్కువ పొడవుగా నున్నవి. ఇట్టి యోడ సముద్రములో దిగినచో మొదటి గాలికే బోర్లపడును” అని చెప్పితిమి. పిల్లలు నవ్విరి. మేము చెప్పినది సత్యమే. మా కొలతలో తప్పు లేదు. బాలుడు ఓడను గుడ్డలో చుట్టుకొని పోయెను. మఱల తేలేదు. ఏమాయెనని యొకనాడు వాని తల్లి నడుగగా, “పొయ్యిలో పెట్టేశాడండి” అని ఆమె చెప్పెను. ఆ దినమున మాకు సిగ్గు కలిగెను గాని, మేము చేసిన తప్పేమో మాకు స్పష్టముగా బోధపడలేదు. సత్యమును చెప్పితిమి గదా, సత్యము చెప్పుట తప్పగునాయని మాలో మేము వాదించుకొంటిమి.

దాని యర్థము మాకు తెలియుటకు మా యోడయే చెడవలసివచ్చెను. రెండు కొయ్యల యోడ నొకదానిని 96 వ వంతు కొలతకు మేము కట్టబూనితిమి. వెన్ను, ఎముకలు కుదిరినవి. అప్పుడు వేసవి సెలవులు. ఎడమప్రక్క చేయి బాగుగ సాగుచుండుటచేత, ఈ ప్రక్క పూర్తిచేసి ఆ ప్రక్కకు పోవుదమని పదునొకండు పలకలు వరుసగా వేసితిమి. నాలుగు దినములైన పిమ్మట చూడగా వెన్ను విల్లువలె వంగియుండెను. మూడు నెలల పని! దానిని బీరువా వెనుకకు త్రోసితిమి. దానివైపు చూచుటయే మానితిమి.

నాలుగేండ్ల తరువాత కిటికీ తలుపు బాగుచేయుటకు ఒక ముసలి మేస్త్రి మా యింటికి వచ్చెను. ఆయన యౌవనమున తాళ్లరేవు ప్రాంతమున కొయ్య పడవలు కట్టిన పనివాడు. తాళ్లరేవు చెంతనున్న కోరంగి పూర్వకాలమున సముద్రయానపు టోడలు కట్టుటకును, బాగుచేయుటకును పేరుపొందిన రేవని మీరెఱుగుదురు. 1839 వ సంవత్సరపు ఉప్పెనచేత ఆ రేవు పాడైనను, ఆ చుట్టుపట్టుల వడ్రంగుల చేతులలో ఆ విద్య నిలిచియున్నది. బీరువా జరిపినపుడు మేస్త్రి మా యోడను చూచెను. చేతిలోకి తీసికొని, కన్ను మూసి వెన్ను పొడవున చూచి, “మాస్టారూ, ఎడంపక్క ముందు పూర్తిగా వేసేశారాండీ?” అని యడిగెను. అవునంటిమి. ఆయన నవ్వలేదు. “రేపు మీకొకటి చూపిస్తానండి” అని మాత్రము చెప్పి, కిటికీ పని ముగించి వెడలిపోయెను.

మఱునాడు పాత పంచెలో చుట్టిన వస్తువు నొకదానిని తెచ్చెను. అది యొక నమూనా ఓడ. మాదానికంటె పెద్దది; మాదానికంటె ఎక్కువగా వంగినది. అరటికాయవలె నుండెను. “ఇది నాకు పద్దెనిమిదేళ్లప్పుడు నేను చెడగొట్టిందండి. మా నాన్న పారెయ్యమన్నాడు. నేనే దాచాను. ఎవరైనా ఇలా చెడగొట్టుకుని దిగులుపడితే చూపించొచ్చు కదా అని.”

విద్యార్థులారా, ఆ మాటకు మేమేమియు పలుకలేకపోతిమి. ఏబది సంవత్సరములు ఆయన ఆ వంకర యోడను దాచియుంచెను. తాను చక్కగా కట్టిన పడవలు నూఱు సముద్రముపై తిరుగుచుండగా, చూపుటకు ఆయన ఎత్తిపెట్టుకొన్నది చెడినదానిని!

అటుపిమ్మట ఆయన పని చెప్పెను. సరేసు నానునట్లు తడిగుడ్డ కప్పి, ఆ పదునొకండు పలకలను ఒక్కొక్కటిగా ఊడదీయించెను. వెన్నును పీటమీద బిగించి, ఇటుకలు బరువుగా నుంచి, ఆఱు దినములు కదల్పవద్దనెను. తరువాత శనివారమున వచ్చి చూచి, ఎముకలపై బద్ద ఆనించి, “కోత బాగుందండి, చెయ్యి ఉంది మీకు. కాని మూడో ఎముక ఎత్తుగా ఉంది. ఇప్పుడే గీకెయ్యండి. పలక పడ్డాక దాన్ని నేనూ సరిచెయ్యలేను, దేవుడూ సరిచెయ్యడు” అనెను. ఆ కడపటి మాటను వేదాంతరీతిగా మేము ఒప్పుకొనలేకపోయినను, వడ్రంగపు రీతిగా అది ముమ్మాటికి నిజము.

మా తప్పు మాకప్పుడు తేటపడెను. మేము బాలునితో చెప్పినదియు సత్యమే, మేస్త్రి మాతో చెప్పినదియు సత్యమే. భేదమెక్కడ? మేము పని ముగిసిన పిమ్మట చెప్పితిమి. ఆయన దిద్దుటకు వీలున్నపుడు చెప్పెను. మేము పదిమంది యెదుట చెప్పితిమి. ఆయన మా వరండాలో మా యొక్కరితో చెప్పెను. మేము కొలబద్ద పట్టుకొని చెప్పితిమి. ఆయన తన చెడిన యోడను మా చేతికిచ్చిన పిమ్మట చెప్పెను. పొగడ్త వేఱు, ప్రోత్సాహము వేఱు. “బాగున్నది, బాగున్నది” యని చెప్పి పోవువాడు మూడవ యెముకను గూర్చి యెఱుగడు, ఎఱిగినను చెప్పడు. కొందఱు మొగమాటముచేత చెప్పరు. అట్టివాని మర్యాద పలకల క్రింద దాగియుండి, మెఱుగు వేసిన దినమున బయటపడును.

పదునేడవ శతాబ్దపు చివరిభాగమున ఇంగ్లండులో నౌకాదళపు పెద్దల కాలమున తయారైన నమూనా ఓడలు కొన్ని గ్రీనిచ్‌లోని నౌకా ప్రదర్శనశాలలో నేటికిని గలవు. వానిలో అనేకములకు నీటిమట్టమునకు క్రిందిభాగమున పలకలే వేయబడలేదు. ఎముకలు వరుసగా కనబడుచుండును. అట్లు విడుచుట అప్పటి యాచారము. మేము వాని చిత్రములను చూచినపుడెల్ల, లోపలి పనిని దాచనక్కఱలేని పనివాని ధైర్యమును తలచుకొందుము.

ఈ పనివారు సంఘములుగా నేర్పడుట క్రొత్తది కాదు. 1898 వ సంవత్సరమున పెర్సివల్ మార్షలు అను నతడు లండనులో ‘మోడల్ ఇంజనీరు’ అను పత్రికను ప్రారంభించెను. ఆ యేడే ఆ పత్రిక చదువరులు కొందఱు కూడి సంఘముగా నేర్పడిరి. ఆవిరియంత్రముల నమూనాలు చేయువారు అందు ముఖ్యులైనను, అట్టి సంఘముల నీడన ఓడలవారును పెరిగిరి. అమెరికాలో 1920 తరువాతి దశాబ్దమున ఆర్మిటేజి మెకాను అను నావికుడు ‘పాప్యులర్ సైన్సు’ మాసపత్రికలో, ఇంటిలోనుండు సామాన్యపు పనిముట్లతో ఓడ నమూనా కట్టు విధమును వ్రాసి, వేలకొలది గృహస్థులను ఈ పనికి దింపెను. 1948 లో ఆ దేశముననే ‘నాటికల్ రిసర్చి గిల్డు’ అను సంఘమేర్పడెను. తమలో నొకరు కష్టపడి తెలిసికొన్నదానిని తక్కినవారికి పత్రికామూలముగా తెలుపుట దాని ముఖ్యమైన పని.

ఇట్టి సంఘముల కూటములు జరుగు విధము మాకు మిక్కిలి నచ్చినది. సభ్యులు పూర్తియైన యోడలనేగాక, సగము సగము పనులనుకూడ తెచ్చి బల్లమీద పెట్టుదురు. ఎముకలు మాత్రమే యున్నవి, ఒకప్రక్క పలకలూడినవి, కొయ్య విఱిగినవి అన్నియు వచ్చును. తెచ్చినవాడు తాను ఎచ్చట చిక్కుకొనెనో చెప్పును. ఎఱిగినవాడు లేచి, తాను ఆ చిక్కులో నెట్లు పడెనో, ఎట్లు వెడలెనో చెప్పును. కొయ్య ముక్కలు, చిన్న పనిముట్లు చేతులు మారును. మా మేస్త్రి ఇట్టి కూటము నెన్నడును చూచినవాడు కాడు. అయినను ఆయన పంచెలోని యోడ ఆ బల్లమీద ఉండదగినది.

విద్యను దాచుకొనకుండుట ఈ పనివారిలో గొప్ప గుణము. లాంగ్రిడ్జి అను వైద్యుడు విక్టరీ ఓడను 48 వ వంతు కొలతకు కట్టెను. ఆ నమూనా లండనులోని విజ్ఞాన ప్రదర్శనశాలకు చేరినది. ఆయన అంతటితో విరమింపక, తాను కట్టిన ప్రతి భాగమును ఎట్లు కట్టెనో వివరించుచు, 1955 లో నెల్సను కాలపు ఓడలనుగూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథమును ముందు పెట్టుకొని విక్టరీని కట్టినవారు ఎందఱో! వారిలో పెక్కుండ్రు ఆయన మొగమైన నెఱుగరు. ఎఱుగనివారికి ఇట్లు తోడుండుటయు నెయ్యమే. ఇంటిలోనే తోడు దొరకిన ధన్యులును గలరు. అమెరికాలోని వర్జీనియాయందు నావికుల ప్రదర్శనశాలలో ఆగస్టు క్రాబ్‌ట్రీ చేసిన పదునాఱు ఓడల నమూనాలున్నవి. ఇరువదియైదు సంవత్సరములకు మించిన యా శ్రమలో ఆయన భార్యయైన విన్నిఫ్రెడ్ తోడుగా నిలిచెను.

కాని యీ లోకమున అందఱును మేస్త్రివంటివారు కారు. ఓడకు కొట్టిన మేకుల సంఖ్యను లెక్కించి, రెండు తక్కువయైనవని పెదవి విఱుచువారు గలరు. అన్ని భాగములును కోసి సిద్ధముగా నుంచి పెట్టెలలో నమ్మెడు సామగ్రితో కట్టువానిని, కొయ్యదుంగనుండి స్వయముగా కోసికొని కట్టువాడు చిన్నచూపు చూచుటయు కలదు. ఈ తగవు మాకు అర్థము కాదు. పెట్టె కొన్నంతమాత్రమున ఓడ లేవదు. మూడవ యెముక పెట్టెలోనిదైనను గీకవలసినదే. పెట్టెతో మొదలిడినవాడు రెండవ యోడను దుంగనుండి కోయవచ్చును. మొదటిదానికే వెక్కిరింతకు గుఱియైనవాడు రెండవదానిని మొదలిడడు. ఈ మాట మేమెవరిని తలచుకొని వ్రాయుచున్నామో మీరెఱుగుదురు.

ఓడల నమూనాలు వేడుక గాక, బ్రదుకునకు పట్టుగొమ్మ యైన చోటు నొకదానిని చెప్పెదము. ఫ్రాన్సు దేశముతో యుద్ధములు జరుగుచుండిన కాలమున, ఇంగ్లండులో పీటర్‌బరో పట్టణము చెంత నార్మన్ క్రాసు అనుచోట యుద్ధఖైదీలకై కొయ్య కొట్టములతో నొక గొప్ప చెరసాల కట్టిరి. అది 1797 నుండి 1814 వరకు నుండెను. వేలకొలది ఖైదీలు అందుండిరి. రోగములచేత అచ్చట మృతినొందినవారు రమారమి 1,770 మంది. విడుదల యెప్పుడో యెవరికిని తెలియదు. అట్టిచోట ఖైదీలు తమ భోజనములో వచ్చిన మాంసపు ఎముకలను పాఱవేయక, ఉడికించి, తెల్లబఱచి, పలుచని రేకులుగా కోసి, వానితో ఓడల నమూనాలు కట్టిరి. చిన్న యిత్తడి మేకులతో ఎముకరేకులను బిగించిరి. కొన్నిటికి త్రాళ్లు మనుష్యుల వెండ్రుకలతోను, గుఱ్ఱపు వెండ్రుకలతోను అల్లబడినవి. కొన్నిటిలో దారము లాగినంతనే ఫిరంగులన్నియు లోనికి పోవును, విడిచినంతనే వెలికి వచ్చును. చెరసాల ద్వారము చెంత అంగడి సాగెడిది. చుట్టుపట్టుల జనులు వచ్చి కొనుచుండిరి. వచ్చిన సొమ్ముతో ఖైదీలు ఆహారమును, వస్త్రములను కొనుక్కొనిరి. అచ్చటి వస్తువులు నేటికిని పీటర్‌బరో ప్రదర్శనశాలలో చూడవచ్చును.

అట్టి యోడను ఒకడే చేయుట అరిది. చెక్కుపని తెలిసినవాడు చెక్కెను. నావికుడు త్రాళ్ల తీరు చెప్పెను. ఏ విద్యయు లేనివాడు ఎముకలు నూఱి నునుపుచేసెనని తలంతుము. వారు చేసిన యోడలన్నియు నిజమైన యోడలకు సరిగా పోలవని పండితులందురు. కొలతలు తప్పినవట, తెరచాప కొయ్యలు కొన్నిట మిక్కిలి పొడవట. ఈ మాట చదివినపుడు బూరుగు కొయ్య యోడ మా కన్నులయెదుట నిలిచెను. ఆ ఖైదీల చేతిలో కొలతలు లేవు, పటములు లేవు. జ్ఞాపకము మాత్రమే కలదు. మా బాలునికి ఆ జ్ఞాపకమైనను లేదు, పటమొకటే యుండెను. తెరచాప కొయ్య పొడవుగా నుండుటకు కారణము ఓడమీది ప్రేమయేమో యని ఇప్పుడు తోచుచున్నది.

మా యోడ రెండేండ్లకు పూర్తియాయెను. మూడవ యెముక యొద్ద గూని లేదు. దానిని భౌతికశాస్త్రపు గదిలో మీరు చూచియున్నారు. ఎడమప్రక్క పలకలలో కొన్నిటిపై సన్నని మచ్చలున్నవేమని యొక బాలుడు మమ్ము నడిగెను. అవి ఊడదీసి మఱల వేసిన పలకలు. మచ్చలు గీకవచ్చునని మేస్త్రి చెప్పెను గాని, మేమే యుంచితిమి.

మేస్త్రిగారు నిరుడు వర్షకాలమున కాలము చేసిరి. చనిపోవుటకు ముందు ఆయన తన యింటిలో రెండు కొయ్యల యోడ నమూనా నొకదానిని కట్టుచుండిరి. కోరంగిలో పూర్వము కట్టిన యోడల తీరు తన తాత చెప్పగా విన్నంతమట్టునకు దానిని దిద్దిరి. పలకలు, పైతట్టు, కొయ్యలు ముగిసినవి. త్రాళ్లు మాత్రము మిగిలినవి. ఇతర దేశముల సంఘములలో సభ్యుడొకడు చనిపోయినపుడు వాని సగము పనిని స్నేహితులు పూర్తిచేసి కుటుంబమునకు ఇచ్చు వాడుక కలదు. మేస్త్రిగారి కోడలు ఆ యోడను రిక్షాలో తెచ్చి, “మామయ్య మీకివ్వమన్నారండి” అని మా గడపలో దింపి వెళ్లినపుడు మాకు ఆ వాడుక జ్ఞాపకమునకు వచ్చెను. పాత పంచెయు దానితోనే వచ్చెను; అందు అరటికాయ యోడ భద్రముగా నుండెను.

ఇప్పుడు మిగిలినది నిచ్చెనత్రాళ్లు. నావికులు కొయ్యపైకెక్కుటకు నిలువు త్రాళ్లకు అడ్డముగా మెట్లవలె కట్టు సన్నని త్రాళ్లివి. నిలువు త్రాడొక్కొక్కదానియొద్ద ఒక్కొక్క ముడి వేయవలెను. నిలువు త్రాళ్లు ఎనిమిది, మెట్లు ముప్పది యైనచో ఒక్క నిచ్చెనకు 240 ముళ్లు. అట్టి నిచ్చెనలు ఈ యోడకు నాలుగు, మొత్తము 960. ముడి బిగువైనచో నిలువు త్రాళ్లు దగ్గఱకు లాగుకొనబడి నిచ్చెన నడుము సన్నగిల్లును. వదులైనచో మెట్టు వ్రేలాడును. దీనికి పిల్లల వ్రేళ్లే తగినవి. మా కండ్లద్దములు ఈ దారమునకు చాలవు. ఆఱుగురు బాలురు వచ్చుచున్నారు. ఒకడు ముడివేయుచుండగా రెండవవాడు వెనుక తెల్లకాగితము పట్టి చూచుచుండును. వంకరయైనచో మెల్లగా చెప్పును, వాడు విప్పి మఱల వేయును. ఎవరును నవ్వరు. ఆ నియమము మొదటి శనివారముననే పెట్టబడినది. బల్ల నడుమ అరటికాయ యోడ నుంచితిమి.

పొయ్యిలో ఓడ పెట్టిన బాలుడు ఇప్పుడు మర పడవమీద పనిచేయుచున్నాడు. క్రిస్మసు సెలవులలో గుడియొద్ద కనబడగా, మేము మా తప్పును ఒప్పుకొని, ఈ యోడ సంగతి చెప్పితిమి. వాడు కొంతసేపు ఊరకుండి, “త్రాళ్లు కట్టడం నాకు వచ్చు మాస్టారూ, రోజూ చేసే పనే కదండీ” అనెను. తరువాతి రెండు శనివారములు వచ్చి, ముడి బిగువు చూచుకొను విధమును పిల్లలకు చూపి పోయెను.

ముందుకొయ్య నిచ్చెనలు రెండును పూర్తియైనవి. వెనుకకొయ్యకు కుడిప్రక్క పదునాలుగు మెట్లు పడినవి. పని శనివారము సాయంకాలము మూడు గంటలకు భౌతికశాస్త్రపు గదిలో జరుగును. సూదిలో దారమెక్కింపగలవారెవరైనను రావచ్చును.